అరుగుదలతో పందెం: కేప్ ఎపిక్‌లో మనిషీ, సైకిలూ

దక్షిణాఫ్రికాలోని వెస్టర్న్ కేప్ ప్రావిన్సులో 2004లో మొదలైన కేప్ ఎపిక్ అనే కొండ సైకిళ్ల పందెం గురించి తొలిసారి వినేవారికి దాని దూరం పెద్దగా భయం పుట్టించదు. ఒక చిన్న ఆరంభ పోటీ, ఆ తర్వాత ఏడు రోజుల్లో ఏడు అంచెలు, అన్నీ కలిపి ఏడాదిని బట్టి 600 నుంచి 700 కిలోమీటర్లు. హైదరాబాదులో బ్రెవెలు, అంటే గడువు లోపు ముగించవలసిన దూరపు సైకిల్ సవారీలు, తొక్కే రాండనీయర్లు 600 కిలోమీటర్లను 40 గంటల గడువులో, అరకొర నిద్రతో ముగిస్తూనే ఉన్నారు కదా, దీనికి ఎనిమిది రోజులు ఎందుకని ఎవరైనా అడగవచ్చు. గంటల లెక్క చూసినా రెండూ దగ్గరదగ్గరగానే ఉంటాయి: కేప్ ఎపిక్‌లో గెలిచే జట్టు ముప్పై గంటలకు అటూ ఇటూగా ముగిస్తే, చివరి వరుసల్లో వచ్చేవారికి దాదాపు రెట్టింపు సమయం పడుతుంది. తేడా అంతా తొక్కే నేలలోనూ, వారంలో ఎక్కవలసిన సుమారు 15,000 మీటర్ల ఎత్తులోనూ, అన్నిటికంటే ముఖ్యంగా, రోజూ సాయంత్రం ఆగి మర్నాడు పొద్దున్నే మళ్లీ మొదలుపెట్టవలసి రావడంలోనూ ఉంది.

ఒక్క రోజు పోటీలో శరీరాన్ని ఊడ్చిపెట్టి ఖర్చు చేయవచ్చు. ఆ తర్వాత వారమంతా మంచం దిగకపోయినా అడిగేవారు లేరు. స్టేజ్ రేస్ అని పిలిచే ఈ అంచెల పందెంలో మాత్రం నిన్న జరిగిన నష్టం ఇవాళ మొదటి గంటలోనే ఎదురొచ్చి నిలబడుతుంది. అందుకే దీన్ని అరుగుదల లెక్కగా చూస్తే తప్ప సరిగా అర్థం కాదని నా అభిప్రాయం. కండరాల్లోని ఇంధనం, సీటుకు ఒరుసుకునే చర్మం, చైను పిన్నులు, బ్రేకు ప్యాడ్లు, టైరు గోడలు అన్నీ పగలు కొంత అరుగుతాయి. రాత్రికి వాటిలో కొన్నే పూడుతాయి.

ఈ తరహా పందేలకు కేప్ ఎపిక్ మొదటిది కాదు. కోస్టారికాలో 1993లో మొదలైన లా రూటా, ఆల్ప్స్ పర్వతాలను దాటించే ట్రాన్స్ఆల్ప్ అంతకు ముందే ఉన్నాయి. లా రూటాను తొక్కి వచ్చిన కెవిన్ వెర్మాక్ అనే దక్షిణాఫ్రికా వాసి తన దేశంలోనూ అటువంటిది ఉండాలని దీన్ని మొదలుపెట్టాడు. కోవిడ్ వల్ల 2020లో రద్దయి, 2021లో అక్టోబరుకు జరిగినా, మామూలుగా ఇది మార్చి నెలలో, అంటే అక్కడి ఎండాకాలం చివరలో జరుగుతుంది. క్రిస్టోఫ్ సౌజర్, కార్ల్ ప్లాట్ చెరి ఐదుసార్లు గెలిచారు. మూడు లేక అంతకంటే ఎక్కువసార్లు పూర్తి చేసినవారిని 'అమాబుబేసి' అనే బృందంలో చేర్చుకుంటారు. ఆ మాటకు జులూ భాషలో సింహాలని అర్థం.

తారురోడ్డు మీద దూరాలు తొక్కే మనిషి కాళ్లు గంటల తరబడి ఒకే బలాన్ని ఇస్తాయి. రాళ్లూ ఇసుకా కలిసిన సన్నని కొండదారిలో ఆ సౌకర్యం లేదు. నిట్టనిలువు మిట్ట వచ్చినప్పుడు సైకిల్ పడిపోకుండా నిలబడాలంటే కనీస వేగం ఒకటి ఉండాలి, ఆ వేగం కోసం శక్తికి మించి తొక్కక తప్పదు. మిట్ట దాటగానే పల్లంలో పెడళ్లు కదలకపోయినా భుజాలు, ముంజేతులు, తొడలు బిగపట్టి శరీరాన్ని మోయాలి. కాళ్లకు విశ్రాంతి దొరికిందని చూసేవారికి అనిపించే చోటే చేతులకు పని మొదలవుతుంది. ఈ ఎగుడుదిగుడు శ్రమలో కండరాలు కొవ్వు కంటే గ్లైకోజెన్‌ను, అంటే కండలోనూ కాలేయంలోనూ నిల్వ ఉండే పిండిపదార్థాన్ని, ఎక్కువగా తింటాయి. ఆ నిల్వ ఎంత తిన్నా సుమారు 500 గ్రాములకు, అంటే రెండు వేల క్యాలరీలకు, అటూ ఇటూగానే ఉంటుంది.

దీని పక్కన ఖర్చు ఎంతో చూద్దాం. 70 కిలోల మనిషి, 11 కిలోల సైకిల్, నీళ్లూ పనిముట్లూ కలిపి మరో మూడు కిలోలు, మొత్తం 84 కిలోలు ఒక రోజులో 2,000 మీటర్లు ఎక్కాలంటే, భూమ్యాకర్షణకు చెల్లించవలసిన శక్తి మాత్రమే దాదాపు 395 క్యాలరీలు. శరీరం కాల్చిన ఇంధనంలో పావువంతుకు కాస్త తక్కువే కదలికగా మారుతుంది కాబట్టి, ఆ ఎత్తు ఎక్కడానికి నిజంగా కాలేది సుమారు 1,700 క్యాలరీలు. టైరు ఇసుకలో కూరుకుపోవడం, రాళ్ల మీద ఎగిరిపడడం, గాలిని చీల్చుకుపోవడం దీనికి అదనం. శరీరాన్ని నడపడానికి మామూలుగా కావలసినదీ కలుపుకుంటే రోజుకు ఐదారు వేల క్యాలరీలు కావడంలో ఆశ్చర్యం లేదు. కాల్చిన ఇంధనంలో మూడు వంతులకు పైగా వేడిగా మారుతుందన్న సంగతిని కూడా పక్కన పెట్టుకోవాలి, చెమట లెక్కలోకి వచ్చినప్పుడు అది పనికి వస్తుంది.

కాబట్టి తింటూ తొక్కాలి, కానీ తిన్నదంతా ఒంటికి పట్టదు. గ్లూకోజును పేగు గోడ నుంచి రక్తంలోకి చేరవేసే మార్గం గంటకు సుమారు 60 గ్రాముల దగ్గర నిండిపోతుంది. ఫ్రక్టోజు వేరే మార్గంలో వెళుతుంది కాబట్టి రెండింటినీ కలిపి తీసుకుంటే గంటకు 90 గ్రాముల దాకా పట్టించవచ్చు, అలవాటు పడిన వృత్తి క్రీడాకారులు అంతకు మించి కూడా తీసుకుంటున్నారు. అలవాటు లేనివారు అదే పని చేస్తే కడుపు ఉబ్బి, వాంతులై, దారి పక్కన కూలబడతారు. నెలల తరబడి కాళ్లకు ఇచ్చే శిక్షణలో కొంత పేగుకూ ఇవ్వాలన్న మాట ఇక్కడి నుంచే వచ్చింది. ఇది చాలామంది నిర్లక్ష్యం చేసే విషయం.

సాయంత్రపు భోజనం ఇంకో పరీక్ష. ఖాళీ అయిన గ్లైకోజెన్ మళ్లీ నిండడానికి ఒక రోజంతా పడుతుంది, దానికి కిలో శరీర బరువుకు 8 నుంచి 12 గ్రాముల పిండిపదార్థం కావాలి. 70 కిలోల మనిషికి పది గ్రాముల చొప్పున 700 గ్రాములు. మన వంటింటి లెక్కలో చెప్పాలంటే అది దాదాపు తొమ్మిది వందల గ్రాముల బియ్యం. అలసటతో నోటికి రుచి తెలియని స్థితిలో, మర్నాటి పొద్దు ఏడు గంటల లోపు, ఇంచుమించు కిలో బియ్యం వండిన అన్నానికి సమానమైన తిండి తినడం ఎంత పనో ఊహించుకోవచ్చు. దారిలో బాగా తిన్నవారికి ఈ లోటు చిన్నదవుతుంది, గమ్యం చేరిన మొదటి రెండు మూడు గంటల్లో తిన్నవారికి వేగంగా పూడుతుంది. స్నానం చేసి, కాసేపు పడుకుని, ఆ తర్వాత తిందామనుకునేవారు మర్నాడు ఆ గంటలకు వెల కడతారు.

ఇక నీళ్లు. ఎండలో మిట్ట ఎక్కేటప్పుడు గంటకు లీటరు, లీటరున్నర చెమట పోవడం మామూలు. మిట్ట మీద వేగం తక్కువ కనుక ఒంటికి గాలి తగలదు, ఉత్పత్తయ్యే వేడి మాత్రం అప్పుడే అత్యధికం. చెమటతో ఉప్పు కూడా పోతుంది కాబట్టి ఉత్త నీళ్లే అదే పనిగా తాగితే రక్తంలో సోడియం పలచబడి, తల తిరగడం నుంచి స్పృహ తప్పడం దాకా వెళ్లవచ్చు. దాహం వేయకుండా భయంతో తాగేవారికే ఈ ప్రమాదం ఎక్కువ. హిమాచల్ ప్రదేశ్‌లో జరిగే ఎంటీబీ హిమాలయ వంటి పందేల్లో వేడి కంటే పలుచని గాలి పెద్ద అడ్డంకి. 3,000 మీటర్ల ఎత్తులో గాలి ఒత్తిడి సముద్రమట్టం దగ్గర ఉండేదానిలో 70 శాతం మాత్రమే. మిగతా లెక్క అక్కడా ఇదే.

నీళ్ల సీసా మూతి గురించి ఒక మాట చెప్పాలి. పశువులు తిరిగే పొలాల మీదుగా దారి పోయేటప్పుడు ముందు చక్రం ఎగజిమ్మే బురదలో పేడ కూడా ఉంటుంది, అది సీసా మూతి మీద పడి గుక్కతో పాటు లోపలికి పోతుంది. 2007లో కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో ఒక కొండ సైకిల్ పోటీ తర్వాత పెద్ద సంఖ్యలో జబ్బుపడినవారిని పరిశీలించినప్పుడు, కాంపైలోబాక్టర్ అనే సూక్ష్మజీవి బురద ద్వారానే నోట్లోకి చేరిందని తేలింది. ఒక్క రోజు పోటీ అయితే ఆ జబ్బు ఇంటికి వెళ్లాక బయటపడుతుంది. అంచెల పందెంలో నాలుగో రోజు గుడారంలో బయటపడుతుంది. పైన మరో మూత ఉండే సీసాలు, తినేముందు చేతులు కడగడం, ఇవి చూడడానికి చిన్న విషయాలు.

సైకిల్‌కు శరీరం తగిలే చోట్లు మూడు: సీటు, హ్యాండిల్, పెడల్. మొదటిది అందరికంటే ముందు ఫిర్యాదు చేస్తుంది. చెమట, దుమ్ము, ఒరిపిడి కలిసి చర్మం లేచిపోతుంది, అక్కడ చీము పడితే ఆ మనిషి మిగిలిన రోజులన్నీ నిలబడే తొక్కవలసి వస్తుంది. మెత్తని అస్తరు ఉన్న లాగు, దానికి రాసే క్రీము, గమ్యం చేరగానే ఆ లాగు విప్పి శుభ్రపడడం, మర్నాటికి ఉతికి ఆరినది వేరే ఉండడం: వైద్యమంతా ఇంతే. హ్యాండిల్ పట్టు వల్ల అరచేతి చిటికెన వేలి వైపు పోయే అల్నార్ నరం గంటల తరబడి నొక్కుకుని, చిటికెన వేలూ ఉంగరపు వేలూ తిమ్మిరెక్కుతాయి. ఆ తిమ్మిరి పందెం ముగిశాక కొన్ని వారాలు కూడా ఉండవచ్చు. నొప్పి మాత్రలు మింగి నెట్టుకొచ్చేవారూ ఉన్నారు. నీరు తగ్గిన శరీరంలో ఐబుప్రొఫెన్ వంటి మాత్రలు మూత్రపిండాలకు చేటు చేస్తాయి కాబట్టి ఆ తెగువను నేను తెగువ అనలేను.

ఈ విషయంలో వెనక వచ్చేవారి కష్టం ముందు పోయేవారికి తెలియదు. విజేత ముప్పై గంటలు సీటు మీద కూర్చుంటే చివరివారు యాభై, అరవై గంటలు కూర్చుంటారు. విజేత మధ్యాహ్నానికి నీడపట్టుకు చేరితే వీరు ఎండ ముదిరాక ఇంకా దారిలోనే ఉంటారు, కోలుకోవడానికి మిగిలే గంటలూ వీరికే తక్కువ. గుండె, ఊపిరితిత్తుల మీద భారం ముందువారికి ఎక్కువ కావచ్చు, చర్మం, కీళ్లు, కడుపు మీద భారం మాత్రం వెనకవారికే ఎక్కువ.

సైకిల్ విషయానికి వస్తే, అంగట్లో అందరూ ముందు అడిగేది బరువు. దీనికి కూడా లెక్క ఉంది. ఒక కిలో అదనపు బరువును 15,000 మీటర్లు ఎత్తడానికి శరీరం కాల్చవలసింది వారం మొత్తానికి సుమారు 150 క్యాలరీలు, అంటే ఒకటిన్నర అరటిపండు. సమయం లెక్కలో అయితే, 84 కిలోల్లో ఒక కిలో అంటే 1.2 శాతం, ఎక్కడానికే పదిహేను గంటలు పడుతుందనుకుంటే పదకొండు నిమిషాల దాకా తేడా వస్తుంది. గెలవాలనుకునేవారికి పదకొండు నిమిషాలు ప్రాణంతో సమానం కనుక వారు గ్రాములు లెక్కపెట్టడంలో అర్థముంది. కానీ ఇదే లెక్కను టైర్ల మీద వేసి చూస్తే మరో సంగతి తెలుస్తుంది. ఒక్కో టైరు 150 గ్రాములు బరువైనా గోడలు దళసరిగా ఉన్న రకం ఎంచుకుంటే, రెండింటికీ కలిపి 300 గ్రాములు, వారం మొత్తానికి మూడు నిమిషాల నష్టం, నెమ్మదిగా పోయేవారికి ఆరు నిమిషాలు. ఒక్కసారి రాయి గీసుకుని టైరు గోడ కోసుకుపోతే దాన్ని దారిలో బాగుచేసుకోవడానికి పదిహేను ఇరవై నిమిషాలు పోతాయి.

టైరు దగ్గర ఇంకొంచెం ఆగాలి, ఎందుకంటే ఈ పందెంలో ఎక్కువమందిని నిలబెట్టేది అదే. వెస్టర్న్ కేప్ దారుల్లో పదునైన ఇసుకరాళ్లతో పాటు రకరకాల ముళ్లు ఉంటాయి. వాటిలో అక్కడివారు దెయ్యపు ముల్లు అని తిట్టుకునేది మనకు తెలియనిదేమీ కాదు. శాస్త్రీయ నామం ట్రిబ్యులస్ టెరెస్ట్రిస్; అది మన పల్లేరు. పల్లేరు కాయ ఎండాక ఐదు ముక్కలుగా విడిపోతుంది, ఒక్కో ముక్క ఎటు తిరిగి పడినా ఒక ముల్లు పైకే చూస్తూ ఉంటుంది. చెప్పుల్లేకుండా మెట్టచేలల్లో నడిచినవారెవరికీ దీన్ని వివరించనక్కర్లేదు. మన వీధిలోని పంక్చరు షాపు పద్ధతిలో, అంటే ట్యూబు బయటికి లాగి, నీళ్ల తొట్టిలో ముంచి, బుడగలు వచ్చే చోట సొల్యూషన్ రాసి ప్యాచి వేసే పద్ధతిలో, ఈ దారులు దాటాలంటే వారం కాదు, నెల పడుతుంది.

అందుకే ఇక్కడ ట్యూబు ఉండదు. టైరు అంచు రిమ్ముకు బిగుసుకుని గాలిని తానే పట్టి ఉంచుతుంది, లోపల వంద మిల్లీలీటర్ల దాకా రబ్బరు పాలతో చేసిన ద్రవం పోస్తారు. ముల్లు దిగిన చోట గాలి బయటికి తన్నుకొస్తూ ఆ ద్రవాన్ని తోసుకొస్తుంది, రంధ్రం దగ్గర అది గడ్డకట్టి మూసుకుపోతుంది. తొక్కేవాడికి చాలాసార్లు ముల్లు దిగిన సంగతే తెలియదు. వేడికి ఆ ద్రవం ఆరిపోతుంది కాబట్టి పందేనికి ముందు తాజాగా పోయాలి. ద్రవం మూయలేనంత పెద్ద రంధ్రమైతే జిగట పూసిన రబ్బరు పురిని సూదిలాంటి పనిముట్టుతో అందులోకి గుచ్చుతారు, అది అరనిమిషం పని. గోడ పొడుగ్గా కోసుకుపోతే మాత్రం చక్రం విప్పి ట్యూబు వేయక తప్పదు. అప్పుడు రెండు పనులు మరిచిపోకూడదు. మొదటిది, టైరు లోపలి వైపు వేళ్లతో తడిమి, ఇన్ని రోజులూ ద్రవం కప్పి ఉంచిన ముళ్లన్నిటినీ పీకేయాలి, లేదంటే కొత్త ట్యూబు గాలి కొట్టిన మరుక్షణమే అవి దాన్ని పొడుస్తాయి. రెండోది, కోత ఉన్న చోట లోపలి నుంచి ఏదైనా గట్టి ముక్క అడ్డుపెట్టాలి. తిని పారేయకుండా జేబులో పెట్టుకున్న జెల్ పొట్లపు తొక్క కూడా దానికి పనికి వస్తుంది.

గాలి విషయంలో కొత్తవారు రెండు వైపులా తప్పు చేస్తారు. రోడ్డు సైకిల్‌కు 80, 100 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) కొట్టించే అలవాటుతో వచ్చినవారికి ఇక్కడి 20 పీఎస్ఐ చక్రం చచ్చిపోయినట్టు అనిపిస్తుంది. రాళ్ల దారిలో గట్టి టైరు ప్రతి రాయి మీదా మనిషి బరువంతటినీ పైకి ఎత్తుతుంది, మెత్తటి టైరు రాయి చుట్టూ ఒదిగి దాటేస్తుంది, శక్తి మిగులుతుంది. అలాగని మరీ తగ్గిస్తే రిమ్ము నేరుగా రాయికి కొట్టుకుని టైరును కత్తిరిస్తుంది. పైగా తెల్లవారుజామున 12 డిగ్రీల చలిలో కొట్టిన 20 పీఎస్ఐ, మధ్యాహ్నం టైరులోని గాలి 37 డిగ్రీలకు వేడెక్కే సరికి దాదాపు 23 అవుతుంది. ఆ మూడు పీఎస్ఐల తేడా పల్లంలో చేతులకు తెలుస్తుంది.

గేర్ల సంగతిలో గత పదేళ్లలో చిక్కు విడిపోయింది. 2016లో సైకిల్ భాగాలు తయారుచేసే శ్రామ్ సంస్థ వెనక పన్నెండు పళ్లచక్రాలు, అతి పెద్దదానికి 50 పళ్లు ఉన్న ఏర్పాటు తెచ్చాక ముందు ఒకే పళ్లచక్రం చాలునని తేలిపోయింది. ముందు 32, వెనక 50 వేస్తే పెడల్ ఒక చుట్టుకు సైకిల్ ఒకటిన్నర మీటరు కంటే కాస్త తక్కువ జరుగుతుంది. నిమిషానికి అరవై చుట్ల చొప్పున తొక్కితే గంటకు ఐదు కిలోమీటర్ల పైచిలుకు, మనిషి నడక వేగం. ఆరో రోజు మోకాళ్లు మిగలాలంటే ఈ నింపాది గేరు ఉండి తీరాలి, తేలిక గేరు వాడడం నామోషీ అనుకునేవారు నాలుగో రోజుకు మనసు మార్చుకుంటారు. చైను శత్రువు దుమ్ము. నూనెలో ఇసుక కలిస్తే అది ఆకురాయి పొడిలా పిన్నులను అరగదీస్తుంది, చైను సాగుతుంది, సాగిన చైను పళ్లను తినేస్తుంది. చైను సాగుదలను కొలిచే చిన్న పరికరం మీద 0.5 శాతం చూపగానే మార్చేయడం మేలు.

జేబులో ఉండి తీరవలసిన వాటిలో వేలెడంత అల్యూమినియం ముక్క ఒకటి ఉంది, దాన్ని హ్యాంగర్ అంటారు. వెనక గేరు యంత్రాన్ని ఫ్రేముకు పట్టి ఉంచేది అదే. సైకిల్ రాయి మీద పడినప్పుడు ఖరీదైన ఫ్రేము విరగకుండా ముందు ఇది వంగిపోవాలని కావాలనే మెత్తటి లోహంతో చేస్తారు. ఒకప్పుడు ఒక్కో ఫ్రేముకు ఒక్కో ఆకారం ఉండి, పక్కవాడి దగ్గర ఉన్నది మనకు సరిపోయేది కాదు. ఇప్పుడు చాలా కంపెనీలు ఒకే కొలతకు వస్తున్నాయి. చైను అతికే కొక్కెం, చైను పిన్ను తీసే పనిముట్టు, ఈ హ్యాంగర్ లేని రైడర్ సైకిల్‌ను భుజాన వేసుకుని నడవడానికి సిద్ధంగా ఉండాలి.

బ్రేకుల్లో మెత్తటి ప్యాడ్లు వాన, బురద ఉన్న ఒక్క రోజులో లోహపు పలక కనిపించేదాకా అరిగిపోగలవు, లోహం కలిసినవి ఎక్కువ మన్నుతాయి. ముందు, వెనక రెండు సస్పెన్షన్లూ ఉన్న సైకిల్ కాస్త బరువైనా, వారం రోజుల కుదుపు నుంచి నడుమునూ మెడనూ కాపాడుతుంది కాబట్టి ఇప్పుడు దాని మీద వాదన దాదాపు ముగిసింది. అయితే సస్పెన్షన్‌కూ సేవ కావాలి. కొందరు తయారీదారులు ముందు ఫోర్కుకు 50 గంటల సవారీకి ఒకసారి నూనె మార్చి శుభ్రం చేయమంటారు. మామూలు మనిషి నెలల తరబడి చేసే ఆ 50 గంటలు ఇక్కడ ఒకే వారంలో అయిపోతాయి. రోజూ సాయంత్రం సైకిళ్లను గట్టి నీటి ధారతో కడిగేస్తారు, ఆ ధార నేరుగా ఇరుసు మీద పడితే గ్రీజు పోయి నీళ్లు బేరింగుల్లోకి దిగుతాయి. దుమ్ము చేసిన నష్టం కంటే కడగడం చేసిన నష్టం ఎక్కువయ్యే సందర్భాలూ ఉంటాయి.

వీటన్నిటినీ మరింత బిగించే నిబంధన ఒకటుంది. కేప్ ఎపిక్‌ను ఇద్దరిద్దరుగా తొక్కాలి, జట్టులోని ఇద్దరి మధ్యా ఎడం రెండు నిమిషాలు మించకూడదు, మించితే సమయం జరిమానా. కాబట్టి జట్టు వేగం ఎప్పుడూ ఆ పూట నీరసంగా ఉన్నవాడి వేగమే. బలమైనవాడు ముందుండి గాలిని కాస్తాడు, అవసరమైతే వీపు మీద చెయ్యి వేసి తోస్తాడు. వారంలో ఈ పాత్రలు తారుమారు కావడం కూడా సహజం. లెక్కగా చూస్తే అక్కడ అరిగిపోగల వస్తువులు నాలుగు: రెండు శరీరాలు, రెండు సైకిళ్లు. ఒక్కొక్కటి వారమంతా నిలిచే అవకాశం నూటికి 95 అనుకున్నా, నాలుగూ నిలిచే అవకాశం 81కి పడిపోతుంది. జోడీ విరమించుకుంటే మిగిలినవాడు తొక్కుతూ పోవచ్చు గానీ, జట్టుగా అతనికి ఇక స్థానం లేదు.

ఆరో అంచె ముగిసిన సాయంత్రం మెకానిక్కుల గుడారాల్లో సాధారణంగా వచ్చే ప్రశ్న వెనక టైరు గురించి. నడిమి గుబ్బలు అరిగి, రెండు మూడు చోట్ల రబ్బరు పురులు గుచ్చుకుని ఉన్నా అది గాలి పట్టి ఉంది. ఒక్క రోజే మిగిలింది. కొత్తది వేస్తే పట్టు బాగుంటుంది, కానీ ద్రవం కొత్త టైరు గోడల్లోని సన్న రంధ్రాలన్నిటినీ మూసి, అంచు సరిగ్గా కూర్చుందో లేదో తెలియడానికి ఒక రాత్రి పడుతుంది. నేనైతే కొత్తదే వేయించి, తెల్లవారి నాలుగింటికి లేచి బొటనవేలితో నొక్కి చూసుకుంటాను.